పలకని మెట్టు

ఎల్జీ ప్రూయిట్ పోయాడని తెలిసి షికాగో నుంచీ, సెయింట్ లూయిస్ నుంచీ కార్లలో దిగినవాళ్ళంతా నా వంటింట్లో కూర్చుని ఒకటే పాట పాడారు. ఆయన మహానుభావుడట. ఆయన ఎడమచేయి లేకపోతే తమకు బ్లూసే లేదట. చేపలు వేయిస్తూ విన్నాను, విన్నకొద్దీ ఒళ్ళు మండింది. మహానుభావుడు అనిపించుకోవాలని ఎల్జీ ఏనాడూ కోరుకోలేదు. కన్నకూతురు వెర్లీన్ నోటివెంట ఒక్కసారి 'నాన్నా' అన్న పిలుపు వినాలని కోరుకున్నాడు, అంతే. ఆ ఒక్క మాట కోసం చివరికి పియానోనే వదిలేశాడు. ఈ కార్లవాళ్ళకు అది తెలియదు. నాకు తెలుసు కనుక చెబుతున్నాను.

నా పేరు ఐడెల్లా. మా హార్డిన్ రేవులో టేట్ ఇంట్లో వంటమనిషిగా చేశాను. టేట్ ఇల్లంటే పత్తిగింజల నూనెమిల్లు వెనక, గుంజల మీద నిలబెట్టిన చెక్క ఇల్లు. శనివారం మధ్యాహ్నం మిల్లు కూత వేయగానే జనం అక్కడికి చేరేవారు. వేయించిన చేప, మొక్కజొన్న రొట్టె, దొంగసారా, ఎల్జీ పియానో. సోమవారం నుంచి శనివారం మధ్యాహ్నం దాకా మా ఒళ్ళు తెల్లవాళ్ళది, ఆదివారం దేవుడిది. నడుమ మిగిలిన ఆ ఒక్క సాయంత్రమే మాది. వారమంతా దిగమింగిన ఏడుపుకు తాళం జోడించి బయటికి పంపడమే బ్లూస్ అంటే. చర్చిలో మాత్రం దాన్ని సైతాను పాట అనేవారు. అలా అనేవాళ్ళలో సగంమంది ముందురోజు మా ఇంట్లో చొక్కా తడిసేలా గంతులు వేసినవాళ్ళే. సంఘపెద్ద గాట్లిన్‌నే చూడండి. శనివారం ఆయన బూట్ల చప్పుడికి నా గిన్నెలు అల్మరాలోంచి జారిపడేవి. ఆదివారం అవే బూట్లకు నల్లరంగు పూసుకుని ముందు బల్ల మీద కూర్చుని, సైతాను పాట వినేవాళ్ళ గతి గురించి ప్రార్థన చేసేవాడు.

ఆ పియానో సంగతి ముందు చెప్పాలి. నది పొంగిన సంవత్సరం అది కొన్నాళ్ళపాటు నీళ్ళలో నానింది. నీరు తీశాక టేట్, ఎల్జీ కలిసి దాన్ని ఎండలో పెట్టారు. వేళ్ళతో నొక్కే మెట్లు ఒకటొకటే గొంతు తెచ్చుకున్నాయి, ఒక్కటి తప్ప. ఎడమవైపు, లోతుగా పలకాల్సిన మెట్టు అది. నొక్కితే టక్ మని చెక్క చప్పుడే. బాగుచేయించే దిక్కు మా ఊళ్ళో ఎక్కడుంది? ఎల్జీ దానితోనే కాపురం చేశాడు. ఎడమచేయి దొర్లుకుంటూ దిగి ఆ మెట్టు దగ్గరికి రాగానే, గుంట దాటినట్టు అవతలికి దూకేది. ఆ ఖాళీలో మడమతో నేలను ఒక్క పోటు పొడిచేవాడు. గుంజల మీది ఇల్లు కదా, దడ్ మని మొత్తం మోగేది. వాయించగా వాయించగా ఆ దూకుడే ఆయన పాటైంది. ఆయన దగ్గర నేర్చుకున్న ప్రతివాడూ ఆ మెట్టు ముట్టకుండా నేర్చుకున్నాడు. తరవాత వాళ్ళు ఉత్తరాదికి పోయి, అన్ని మెట్లూ పలికే పియానోల ముందు కూర్చుని కూడా అక్కడ దూకేవారు.

ఎల్జీ పెళ్ళాం లాటీ నాకు నేస్తం. ఆమెకు నొప్పులొచ్చిన రోజు ఎల్జీ ఊళ్ళో లేడు. పైనెక్కడో కలప నరికేవాళ్ళ గుడిసెల్లో వాయించడానికి వెళ్ళాడు. కబురు అందేసరికే ఆలస్యమైంది, అది అందుకుని పరుగెత్తుకొచ్చేసరికి లాటీని మట్టిలో పెట్టేశాం. ఆమె తల్లి ఓజెల్లా పసిపిల్లను భుజాన వేసుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నా బిడ్డ కళ్ళు మూస్తుంటే నువ్వెక్కడున్నావురా? ఎవడి ముందు కూర్చుని వాయిస్తున్నావు?"

"తప్పయిపోయిందత్తా. పిల్లను ఒక్కసారి ఎత్తుకోనీ."

"ఆ చేతులతోనా? ముట్టుకున్నావంటే విరగ్గొడతా. ఆ సైతాను పాట వదిలెయ్. చర్చిలో పశ్చాత్తాపం బల్ల మీద కూర్చో. నదిలో మునిగి బాప్తిస్మం తీసుకుని రా. అప్పుడు నీ పిల్ల నీది."

ఆ మాట మీద ఓజెల్లా చచ్చేదాకా నిలబడింది. ఎల్జీ వచ్చి నా వంటింటి మెట్ల మీద కూలబడ్డాడు. వదిలేస్తే పోదా అన్నాను. ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు.

"వదిలేశాక ఆ పిల్లకివ్వడానికి నా దగ్గర ఇంకేముంటుందే?" అన్నాడు.

ఆ జవాబు మంచిదో చెడ్డదో నాకు ఇప్పటికీ తెలియదు. మర్నాడు మాత్రం ఆయన టేట్‌తో చెప్పి పియానోను పక్కగోడ కిటికీ దగ్గరికి జరిపించాడు. సందుకు అవతల ఓజెల్లా ఇల్లు. అప్పటినుంచి ఎల్జీ నాట్యం చేసే జనానికి వీపు పెట్టి, ఆ ఇంటివైపు తిరిగి వాయించేవాడు. జనం గొణిగారు. నీ మొహం చూసి ఎన్నాళ్ళయిందిరా అని వేళాకోళం చేశారు. ఆయన జరగలేదు. ఓజెల్లా కిటికీ మూసేది, మూసి గొంతెత్తి కీర్తనలు పాడేది. కానీ మా ఊరి ఎండాకాలంలో కిటికీ మూసుకుని ఎంతసేపుంటారు? అర్ధగంటకే ఉడికిపోయి మళ్ళీ తెరిచేది. ఒక శనివారం నేను చేపల పొలుసు పారబొయ్యడానికి సందులోకి వెళ్ళి చూశాను. ఆ కిటికీ దగ్గర బఠాణీలు ఒలుస్తూ కూర్చున్న వెర్లీన్, ఒలవడం మానేసి గిన్నె అంచు మీద వేళ్ళు ఆడిస్తోంది. నేను చూస్తున్నానని తెలిసి చేయి ఒళ్ళో దాచుకుంది.

వీధిలో కనబడితే ఎల్జీ ఆ పిల్లకు బత్తాయి ఇచ్చేవాడు. "థాంక్యూ, మిస్టర్ ప్రూయిట్" అనేది బుద్ధిగా. అలా నేర్పింది అమ్మమ్మ. బత్తాయి తీసుకెళ్ళి అమ్మమ్మ చేతికిచ్చేది, ఆవిడ కోళ్ళకు వేసేది.

ఒకసారి రికార్డుల కంపెనీవాడు వచ్చి ఎల్జీని షికాగో తీసుకుపోయాడు. అక్కడి పియానో అద్దంలా మెరిసిందట, ఒక్క మెట్టూ చెడలేదట. ఎల్జీ చేయి మాత్రం అలవాటు చొప్పున దూకింది, మడమ నేలను పొడిచింది. ఈ చప్పుడేమిటి, పాట పాడైపోతోంది అని వాళ్ళు ఆయన కాలికింద మెత్తటి దుప్పటి మడిచి వేశారు. రికార్డులో మడమ పోయింది, ఖాళీ మిగిలింది. ఆ ఖాళీ గొప్పగా ఉందని ఊరూరా మెచ్చుకున్నారు. ఎల్జీ ఇంటికొచ్చి ఆ రికార్డు ఒక్కసారి విని పక్కన పెట్టేశాడు. నన్ను కుంటివాణ్ణి చేశారు అన్నాడు. మళ్ళీ ఎవరు పిలిచినా వెళ్ళలేదు. వెళితే శనివారం కిటికీ దగ్గర ఎవరు కూర్చుంటారు అనేవాడు.

ఏళ్ళు గడిచాయి. వెర్లీన్ బడిపంతులమ్మ దగ్గర పియానో నేర్చుకుని చర్చిలో వాయించడం మొదలుపెట్టింది. పెళ్ళి చేసుకోలేదు. అమ్మమ్మలాగే నిటారుగా నడిచేది, అమ్మమ్మలాగే తప్పు కనిపిస్తే ఊరుకునేది కాదు. ఓజెల్లా పోయింది. టేట్ పోయాడు. మిల్లు మూతపడ్డాక శనివారాలకు జనమే లేరు. ఆ ఇల్లు కూలగొడుతుంటే ప్రాణం ఒప్పక పియానోను నా ఇంటి వెనకగదిలోకి లాక్కొచ్చాను, పిండి డబ్బాల పక్కన. ఎల్జీ రోజూ వచ్చి దాని ముందు కూర్చునేవాడు. అప్పటికి డెబ్భై దాటాడు.

ఒకరోజు తినడం అయ్యాక కంచం పక్కకు నెట్టి అన్నాడు: "ఐడెల్లా, వచ్చే ఆదివారం బల్ల మీద కూర్చుంటున్నా."

"ఇన్నేళ్ళూ కూర్చోకుండా ఇప్పుడు బుద్ధి పుట్టిందా?" అని అరిచాను. నిజంగానే కోపం వచ్చింది.

"దాని జుట్టు కూడా నెరుస్తోందే. ఇంకెప్పుడు పిలుస్తుంది నన్ను?"

ఆదివారం ఆయన పశ్చాత్తాపం బల్ల మీద కూర్చున్నాడు. పాస్టరుగారు ఆ పాట ఇక ముట్టనని మాట తీసుకున్నారు. ఎల్జీ మాటంటే మాటే. ఆ పాటే కాదు, పియానో మూత కూడా ఎత్తనన్నాడు. తెల్లని అంగీ తొడిగి నదిలోకి దింపారు. ముసలి ఎముకలు, చన్నీళ్ళు, నేను ఒడ్డున గుడ్లప్పగించి నిలబడ్డాను. ఆయన మునిగి లేచి, నీళ్ళు కారుతూ గట్టుకొచ్చాడు. వెర్లీన్ తువ్వాలు పట్టుకుని ఎదురు వెళ్ళింది. ఆయన కళ్ళు ఆ పిల్ల పెదవుల మీదే ఉన్నాయి.

"దేవునికి స్తోత్రం, బ్రదర్ ప్రూయిట్" అంది వెర్లీన్.

మా చర్చిలో నీళ్ళలో మునిగి లేచిన ప్రతి మగవాడూ బ్రదరే. అది మర్యాద, ఆ పిల్ల తప్పేమీ లేదు. తండ్రి అవుదామని నదిలో దిగిన మనిషి తోడబుట్టినవాడిగా తేలాడు. తువ్వాలు అందుకుని, "స్తోత్రం, సిస్టర్" అన్నాడు ఎల్జీ. ఆ రోజు ఇంటికెళ్ళి నేను ఏడ్చినంత ఆయన ఏడవలేదు.

ఆ తరవాతి ఆదివారం నుంచి రెండో బల్ల చివర, వెర్లీన్ వాయించే పియానోకు దగ్గరగా కూర్చోవడం మొదలుపెట్టాడు. పక్కన నేను. మొదటి కీర్తన సగంలో ఆయన మడమ దడ్ మని నేలను పొడిచింది. గాట్లిన్ మెడ తిప్పి చూశాడు. కాసేపటికి మళ్ళీ దడ్. ఈ ముసలాడికి సిగ్గులేదు, అలవాటు పోలేదు అనుకున్నాను. ఇంటికొచ్చాక దులిపేద్దామని నోరు తెరిచేలోపు ఆయనే మొదలెట్టాడు.

"చూశావా?"

"చూడకేం, ఊరంతా చూసింది. అది చర్చా, టేట్ ఇల్లా?"

"నా కాలు కాదే పిచ్చిదానా. దాని ఎడమచెయ్యి చూశావా? ఆ మెట్టు ముట్టుకోవట్లేదు."

నాకు అర్థం కాలేదు.

"అదే మెట్టు. చర్చి పియానోలో బంగారంలా పలుకుతుంది అది. అయినా చెయ్యి అక్కడికి రాగానే దూకుతోంది. నాలాగే దూకుతోంది. దానికెవరు నేర్పారే?"

"ఇంకెవరు? నీ కిటికీ."

ముసలాడు నవ్వాడు, నవ్వుతూనే బల్ల మీద తల పెట్టుకుని భుజాలు కదిలేలా ఏడ్చాడు. ఇన్నేళ్ళుగా మేమంతా ఆ పాటలు విన్నాం. చప్పట్లలో, పాదాల చప్పుళ్ళలో ఆ ఖాళీ మాకెవరికీ తెలియలేదు. వాయించే పిల్లకే తెలియదు.

"ఇన్నాళ్ళూ అది నాతోనే వాయిస్తోందే" అన్నాడు. "నేను లేనని ఖాళీ వదిలిపెట్టుకుని మరీ వాయిస్తోంది. అందుకే కాలు వేశా."

"సరే, రేపే వెళ్ళి చెప్పు దానికి."

"నోర్మూయ్. చెబితే ఆదివారానికల్లా దిద్దుకుంటుంది. ఓజెల్లా పెంపకం అది, తప్పని తెలిస్తే ఉంచుకోదు. నాదంటూ దాని దగ్గరున్నది ఆ ఒక్కటే. అదీ పోగొట్టుకోమంటావా?"

నాతో ప్రమాణం చేయించుకున్నాడు. నేను మాట ఇచ్చాను.

కొన్ని వారాలు చూసి వెర్లీన్ ఒకరోజు ఆరాధన అయ్యాక మా బల్ల దగ్గరికి వచ్చింది. గొంతు పెంచలేదు.

"బ్రదర్ ప్రూయిట్, ఏమీ అనుకోకండి. ఆ కాలు శనివారపు కాలు. దేవుడి మందిరంలో వద్దండీ."

"అలాగేనమ్మా" అన్నాడు ఎల్జీ.

మరుసటి వారం ఆయన కూర్చునే చోట తివాచీ ముక్క పరిచి ఉంది. తెచ్చి వేసింది గాట్లిన్. షికాగోలో దుప్పటి వేశారు, ఇక్కడ తివాచీ. పట్టుకుని ఆ పెద్దమనిషి మొహాన కొడదామనుకున్నాను. ఎల్జీ నా మోచేయి పట్టుకుని కూర్చోబెట్టాడు. కీర్తన మొదలైంది. ఖాళీ వచ్చింది. ఆయన మడమ తివాచీ మీద పడింది. చెవికేమీ వినబడలేదు. కానీ మా చర్చిదీ చెక్క నేలే. కూర్చున్న బల్లలో, పాదాల కింద, సన్నగా ఒక వణుకు నడిచి పియానోవైపు పోయింది. రెండు చలికాలాలపాటు ప్రతి ఆదివారం అలా నడిచింది. వెర్లీన్ ఏమీ అనలేదు కాబట్టి ఆమెకు తెలియదనే అనుకున్నాం.

ఆయన నా వెనకగదిలో, మూత దించిన పియానో ముందు కుర్చీలో పోయాడు. మధ్యాహ్నం పూట, పక్కన కాఫీ ఇంకా వేడిగానే ఉంది. ఒడిలో రెండు చేతులూ వెల్లకిలా పెట్టుకుని ఉన్నాడు. ఇచ్చిన మాట తప్పలేదు, మూత ఎత్తలేదు.

చర్చిలో శవపేటిక చుట్టూ పూలు, ఆడవాళ్ళ పెద్ద టోపీలు, విసనకర్రలు. ఉత్తరాది నుంచి వచ్చిన శిష్యులు వెనక బల్లలో వరసగా కూర్చున్నారు. గురువుగారి కోసం ఒక్క పాట వాయిస్తామని వాళ్ళలో పెద్దవాడు రాస్కో అడిగాడు. గాట్లిన్ ఒప్పుకోలేదు. బ్రదర్ ప్రూయిట్ అదంతా కడిగేసుకుని వెళ్ళాడు, మళ్ళీ మురికి పూయకండి అన్నాడు. రాస్కో పళ్ళు కొరుక్కుని వెళ్ళి కూర్చున్నాడు.

వెర్లీన్ కీర్తన అందుకుంది. ఆ రోజు చప్పట్లు లేవు, పాదాల చప్పుళ్ళు లేవు, నెమ్మదైన పాట. ఎడమచేయి దిగుతూ దిగుతూ వచ్చి దూకింది. ఖాళీ వచ్చింది. కిందినుంచి రావలసింది రాలేదు. వెర్లీన్ చేయి గాలిలో ఆగింది. పిలిస్తే పక్కగదిలోంచి పలికే మనిషి పలకకపోతే మనం తిరిగి చూస్తాం కదా, అలా తిరిగి రెండో బల్లకేసి చూసింది. అక్కడ నేనూ, నా పక్కన తివాచీ ముక్కా ఉన్నాం. అంటే రెండు చలికాలాలూ ఆమె పాదానికి అది తెలుస్తూనే ఉంది. ఎలాగో మొదటినుంచి అందుకుని పాట పూర్తిచేసింది గానీ, ఆ ఖాళీ వచ్చిన ప్రతిసారీ ఆమె మొహం చూడలేక నేను తల దించుకున్నాను.

శ్మశానం నుంచి వచ్చాక భోజనాలు మా ఇంట్లోనే. వెర్లీన్ ఒక మూల కంచం పట్టుకుని, తినకుండా కూర్చుంది. రాస్కో దగ్గరికి వెళ్ళి టోపీ తీశాడు.

"మీరు కూడా మా గురువుగారి దగ్గర నేర్చుకున్నారని మాకు తెలియదమ్మా."

"నేనా? ఆయన దగ్గర నేనేమీ నేర్చుకోలేదు. నేను కీర్తనలు తప్ప వాయించను."

"మరి ఆ మెట్టు ఎందుకు వదిలేస్తున్నారు?"

"ఏ మెట్టు?"

రాస్కో కుర్చీ చేతి మీద ఎడమచేత్తో వాయించి చూపించాడు. దూకాడు. మడమతో నా నేలను ఒక్క పోటు పొడిచాడు. "ఇది లోకంలో ఎల్జీ ప్రూయిట్ పిల్లలు తప్ప ఎవరూ చేయరండీ. ఆయన పియానోలో ఆ మెట్టు పలికేది కాదు" అన్నాడు.

వెర్లీన్ నాకేసి చూసింది. చనిపోయినవాడికిచ్చిన మాట ఎంతవరకు కట్టుబడాలో నాకు తెలియదు. కంచం ఆమె చేతిలోంచి తీసుకుని, చేయి పట్టుకుని వెనకగదిలోకి నడిపించాను. పిండి తుడిచి పియానో మూత ఎత్తాను. ఆమె నిలబడే, ఎడమ చివరనుంచి ఒక్కో మెట్టూ నొక్కుతూ వచ్చింది. అపశ్రుతిగానో, బొంగురుగానో అన్నీ పలికాయి. అక్కడికి వచ్చేసరికి టక్ మంది. మళ్ళీ నొక్కింది. టక్. ఆ వేలు అక్కడినుంచి తీయలేదు.

"అత్తా, ఆయనకు తెలుసా?"

"మొదటి ఆదివారమే తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు? తివాచీ వేసిన రోజైనా చెప్పొచ్చుగా!"

"చెబితే దిద్దుకుంటావని భయపడ్డాడమ్మా. తనదంటూ నీ దగ్గర అదొక్కటే ఉందన్నాడు."

వెర్లీన్ కూర్చుంది, ఆయన కుర్చీలోనే. పొద్దున చర్చిలో వాయించిన కీర్తననే అందుకుంది. ఎడమచేయి దిగింది, దిగింది, దూకింది. ఎవరూ చెప్పకుండానే, తనకే తెలియకుండా, నల్లని చర్చి బూటు మడమ లేచి నా చెక్క నేల మీద దడ్ మని పడింది. ముందుగదిలో మాటలన్నీ ఆగిపోయాయి.

"నాన్నా" అంది వెర్లీన్.

నేనూ విన్నాను, గుమ్మంలో టోపీ పట్టుకుని నిలబడ్డ రాస్కో కూడా విన్నాడు. వినవలసినవాణ్ణి మాత్రం అప్పుడే మట్టిలో పెట్టి వచ్చాం, మా బూట్ల నుంచి ఆ మట్టి ఇంకా రాలుతూనే ఉంది. నేను తలుపు దగ్గరగా వేసి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాను.